పళ్లెంలోకి వచ్చిన పరిగె

పొద్దున్నే గజేందర్ పళ్లెం ముందు కూర్చున్నాడంటే ఇంట్లో వాళ్ళంతా ఒక ఉపన్యాసం వినాల్సిందే. ఆ ఆదివారమూ అంతే. జొన్నరొట్టె తుంచి పల్లి తొక్కులో అద్దుకుని, "ఉప్పు కొంచెం తక్కువైంది గానీ బాగుంది" అన్నాడు. ఆ తర్వాత, సగం ఖర్చుతో ఇంత తిండి సిద్దిపేటలో ఇంకెవరి ఇంట్లో ఉందో చెప్పమని కూతురు కృపను అడిగాడు. ఆమె ఫోన్లోంచి తల ఎత్తకుండానే, ఈ మాట నాన్న వాట్సాప్ గ్రూపులో నాలుగుసార్లు చెప్పాడని గుర్తు చేసింది.

సంగతేంటంటే, కృప నర్సింగ్ కాలేజీ ఫీజు పెరిగింది. నాలుగు నెలల కింద గజేందర్ భార్య నవనీతను పిలిచి, కిరాణానికి, కూరగాయలకు ఇచ్చేది ఇక సగమే అని తేల్చేశాడు. పళ్లెంలో మాత్రం ఏదీ తగ్గొద్దన్నాడు. చిత్రంగా, పళ్లెం తగ్గకపోగా నిండింది. లేత చిక్కుడుకాయలు, కొత్త కందిపప్పు, ముల్లంగి ఆకు వేపుడు, రోజూ ఏదో ఒక తాజా కూర. రైతుబజారు మూసే వేళకు పోతే చవకగా ఇస్తారని ఆమె చెప్పింది, అతను నమ్మాడు. పేరు మాత్రం తనే తీసుకున్నాడు. గట్టిగా చెబితేనే ఆడవాళ్ళు పొదుపు చేస్తారని బండి సీటు కవర్లు కుట్టే తన దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు.

ఒకప్పుడు వాళ్ళది వేములఘాట్. ఊరు రిజర్వాయర్ కింద పోయాక, వచ్చిన డబ్బుతో సిద్దిపేటలో ఇల్లు, దుకాణం కొనుక్కున్నారు. గజేందర్ తండ్రి, ముసలాయన రాజమల్లయ్యకు మాత్రం పట్నం పట్టలేదు. మోకాళ్ళ నొప్పులని మూలన కూర్చునేవాడు. ఈ మధ్య కోడలు రోజు విడిచి రోజు దవాఖానకు తీసుకుపోయి మోకాళ్ళకు కరెంటు పెట్టిస్తోంది. ముసలాయన ముఖం కళకళలాడుతోంది. వైద్యం బాగా పని చేస్తోందని గజేందర్ దానికీ మురిసిపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నానికి దోస్తు కర్ణాకర్‌ను భోజనానికి పిలిచాడు. ఆదివారం పూట నీసు లేకుండా మనిషిని పిలిచే ధైర్యం అతనికే ఉంది. నవనీత వంట చూస్తే మటన్ గుర్తుకు రాదని పందెం కట్టాడు మరి. కర్ణాకర్ తన బావమరిది దుర్గయ్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. దుర్గయ్యది చంద్లాపూర్, అక్కడే వ్యవసాయం.

వంటింట్లోంచి కూర గిన్నెతో వచ్చిన నవనీత, దుర్గయ్యను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అతను మాత్రం సంబరపడిపోయాడు.

"అక్కా, నువ్వా? గిది మీ ఇల్లా? మంచిగైంది. నిన్ననే పల్లి చేను పీకించిన. రేపు రాండ్రి నువ్వూ, పెద్దాయిన. పరిగె మస్తున్నది."

గజేందర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పరిగె అంటే అతనికి ఎవరూ చెప్పక్కరలేదు. పంట ఇంటికి చేరాక చేలో మిగిలిపోయిన కంకో, కాయో పేదవాళ్ళు వచ్చి ఏరుకుంటారు. వేములఘాట్‌లో తమ చేలో ఊరి వాళ్ళు ఏరుకునేవారు. ఇప్పుడు తమ ఇంటి కోడలు ఇంకొకరి చేలో ఏరుతోంది.

కర్ణాకర్ గబగబా తిని, పని ఉందంటూ బావమరిదిని లేవదీశాడు. దుర్గయ్య మాత్రం పోతూ పోతూ కూడా రేపు రమ్మనే చెప్పాడు. తలుపు మూసుకోగానే గజేందర్ పళ్లెం పక్కకు నెట్టాడు.

"నా ఇజ్జత్ తీసినవు. దొంగ లెక్క మంది చేన్లల్ల పడి తిరుగుతున్నవా?"

నవనీత కింద కూర్చుని చిందిన అన్నం మెతుకులు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"చెప్తే పోనియ్యవు. పోకుంటే పళ్లెం తగ్గుతది. తగ్గితే మల్ల నువ్వే అడుగుతవు. నన్నేం చెయ్యమంటవు?"

మంచం మీది నుంచి రాజమల్లయ్య లేచాడు. దవాఖాన లేదు, కరెంటు లేదు, తానే దారి చూపించి కోడలిని తీసుకుపోయానని చెప్పాడు. మట్టిలో చేయి పెట్టాకనే తన మోకాళ్ళు కదిలాయన్నాడు. కొడుకు ముఖంలోకి చూశాడు.

"గా మాట నీ నోట్లె ఇంకా ఉన్నదారా?"

ఏ మాటో గజేందర్‌కు అర్థమైంది. అప్పుడతనికి ఇరవై ఏళ్ళు. వాళ్ళ పల్లి చేలో ఒక ముసలమ్మ పరిగె ఏరుతుంటే దొంగ అని అరిచి, ఆమె ఒడి లాగి కాయలన్నీ మట్టిలో పోయించాడు. ఆ సాయంత్రం బాపు అదే చేలో వంగి, ఆ కాయలన్నీ మళ్ళీ ఏరి, చాటలో పోసుకుని ఆమె ఇంటికి మోసుకుపోయాడు. కొడుకును ఒక్క మాట కూడా అనలేదు. ఇన్నేళ్ళకు అన్నాడు.

"చివర నాలుగు సాళ్ళు పూరా ఏరకుండ ఇడిసిపెట్టుమని కూలోళ్ళకు ఎందుకు చెప్పేటోన్ని అనుకున్నవ్? ఏరుకునేటోళ్ళు వస్తరని. దుర్గయ్య గూడ గట్లనే ఇడిసిపెడుతుండు. ఇంట్ల తినేటోళ్ళం అందరం ఉన్నం, ఏరేది నీ భార్య, ఈ ముసలోడే. ఇజ్జత్ ఎవలది పోయిందిరా?"

నవనీత చేతి సంచి తెచ్చి గజేందర్ ముందు పెట్టింది. "రేపటి సంది నువ్వే తే. తెచ్చింది నేను వండుత" అని లోపలికి పోయింది.

సోమవారం పొద్దున్నే, ఇంట్లో ఎవరూ లేవకముందే అతను సంచి పట్టుకుని రైతుబజారుకు పోయాడు. తానిచ్చే సగం డబ్బులతోనే కొనాలని పట్టుబట్టి అన్ని వరసలూ తిరిగాడు. చిక్కుడుకాయలు అడిగి వదిలేశాడు. కందిపప్పు వైపు పోనేలేదు. చివరికి టమాటాలు, ఒక పాలకూర కట్ట పట్టుకుని బయటికి వస్తే సంచి చేతికి బరువే అనిపించలేదు. నాలుగు నెలలుగా ఆ సంచిలో పరిగె వాటా ఎంతో అప్పుడు తెలిసింది. దుకాణం తాళం తీయలేదు. బండిని చంద్లాపూర్ వైపు తిప్పాడు.

అతను చేరేసరికి ఎండ ముదిరింది. దుర్గయ్య చేలో నవనీత, బాపు ముందే ఉన్నారు. ఆమె కొంగు తలకు చుట్టుకుని, కొడవలి మొనతో మట్టి పెళ్ళలు పగలగొట్టి, లోపల మిగిలిన ఒకటీ రెండు కాయలు తీసి ఒడిలో వేసుకుంటోంది. గజేందర్ చెప్పులు విడిచి పక్క సాలులో కూర్చున్నాడు. ఆమె ఓసారి చూసి మళ్ళీ మట్టి తవ్వసాగింది.

గంట గడిచింది. నడుము పట్టేసింది, చేతిలో గుప్పెడు కాయలు కూడా లేవు. పల్లి తొక్కు ఒక్క పూటకు ఎంత పడుతుందో లెక్క వేసుకున్నాడు. పక్కకు చూశాడు. నవనీత గోళ్ళ సందుల్లో మట్టి. ఆ చేతులతో ఆమె రోజూ వడ్డిస్తుంటే ఒక్కసారీ చూడలేదు. పళ్లెమే చూశాడు.

ఉన్న కాయలు ఆమె ఒడిలో వేశాడు.

"నిన్న తొక్కుల ఉప్పు తక్కువైందన్న గదా" అన్నాడు. చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. "సరిపోయింది నవనీతా. ఉప్పు సరిపోయింది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో, ఇంకేమో.

"సరే, ఇగ ఏరు. మామ నీకంటె ముందున్నడు సూడు."

గజేందర్ మళ్ళీ వంగాడు. ఒక పెద్ద పెళ్ళ తిప్పగానే కింద గుత్తి కనిపించింది, ఏడెనిమిది కాయలుంటాయి. చేయి చాపాడు. ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. రెండు సాళ్ళ వెనక ఎవరో ముసలమ్మ, ఒడి పట్టుకుని, ఇటే మెల్లగా ఏరుకుంటూ వస్తోంది.

అతను గుత్తిని అక్కడే ఉంచి, పక్క సాలుకు జరిగాడు.