తేతా పళ్లెంలో రొట్టె

ఆ రోజు ఎడారి గాలి దుమ్ము రేపుతుంటే అలెగ్జాండ్రియాలో బడులన్నీ మధ్యాహ్నానికే వదిలేశారు. రనీమ్ ఇంటికి వచ్చేసరికి ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. ఇంట్లో గోడలు కూడా అదే రంగులో ఉన్నాయి.

అమ్మ ఆఫీసులో ఉంది. తేతా, అంటే అమ్మమ్మ, అప్పుడే ఇన్సులిన్ ఇంజెక్షన్ వేసుకుని భోజనానికి కూర్చుంది.

మర్నాడు రనీమ్ వాళ్ల క్లాసులో డిబేట్. రొట్టె, అన్నం బాగా తగ్గిస్తే ఆరోగ్యమా, కడుపునిండా తింటే ఆరోగ్యమా అన్నది విషయం. రనీమ్‌ది తగ్గించాలనే జట్టు. రొట్టె ఒంట్లో చక్కెరగా మారుతుందని చదివినప్పటి నుంచి, షుగర్ ఉన్న తేతా రోజూ రొట్టె తింటుంటే ఆమెకు భయంగా ఉంటోంది.

అందుకే అమ్మ పెట్టి వెళ్లిన రొట్టెలు డబ్బాలో దాచేసింది. కోడి ముక్కలు, ములూఖియా ఆకుకూర మాత్రం వడ్డించింది.

"రొట్టె ఏదే?" అని అడిగింది తేతా.

"గాలికి బేకరీ మూసేశారు తేతా."

రొట్టెతో అద్దుకోకుండా ఆ కూర తేతాకు సయించదు. కాస్త కోడి ముక్క కొరికి పళ్లెం పక్కకు జరిపింది.

రనీమ్ పుస్తకం ముందేసుకుంది. తలుపు సందుల్లో గాలి ఈల వేస్తోంది.

"సమీహా, కిటికీ వెయ్యవే. సముద్రం లోపలికొస్తోంది."

రనీమ్ తలెత్తింది. తేతా మూలనున్న ఖాళీ కుర్చీ కేసి చూస్తోంది. సమీహా తేతా చెల్లెలు. చిన్నప్పుడే పోయింది.

"అక్కడెవరూ లేరు తేతా."

తేతా మెల్లగా తల తిప్పింది. "నువ్వెవరి పిల్లవు? లోపలికెలా వచ్చావు?"

రనీమ్ లేచి దగ్గరికి వెళ్లింది. తేతా చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటతో తడిగా ఉంది. వేళ్లు వణుకుతున్నాయి. తేతా మళ్లీ ఆ మూలకే తిరిగి, ఎవరో ఏదో చెప్పినట్టు నవ్వింది.

రనీమ్ అమ్మకు ఫోన్ చేసింది. తేతా రొట్టె తిందా అని అమ్మ అడిగింది. బేకరీ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదమ్మా. నేనే దాచేశాను."

అమ్మ తిట్టలేదు. తేతా మింగగలుగుతోందో లేదో అడిగింది. నీళ్లలో బాగా చక్కెర కలిపి గుక్క గుక్కగా తాగించమంది. ఫోన్ మాత్రం పెట్టొద్దంది.

తేతా నోరు తెరవలేదు. ఎవరో పిల్ల చేతి నీళ్లు తాగనంది.

"సమీహా తాగమంటోంది తేతా," అంది రనీమ్ ఏడుస్తూ.

తేతా మూల కేసి చూసింది. తర్వాత తాగింది.

గ్లాసు ఖాళీ అయిన కాసేపటికి వణుకు తగ్గింది. "రనీమ్, ఎందుకే ఏడుస్తున్నావు? నా గడ్డమంతా ఈ జిగురేంటి?" అంది తేతా.

రనీమ్ డబ్బాలోంచి రొట్టె తీసి, తుంచి, తన చేత్తో తినిపించింది.

అమ్మ తలనిండా దుమ్ముతో వచ్చింది. తేతా తినే రొట్టెను బట్టే డాక్టరు ఇంజెక్షన్ కొలత పెట్టాడనీ, రొట్టె లేకపోయేసరికి ఒంట్లో చక్కెర మరీ పడిపోయిందనీ, రొట్టె తగ్గించాలంటే మందూ ఆయనే తగ్గించాలనీ చెప్పింది. "నువ్వు చదివింది అబద్ధం కాదు. కానీ తేతాను అడగాలి కదా తల్లీ."

మర్నాడు రనీమ్ తన జట్టు తరఫున బాగానే మాట్లాడింది. బడి వదిలాక ఫైరూజ్ అనే అమ్మాయి ఉత్సాహంగా వచ్చింది. వాళ్ల తాతకీ షుగరేనట. ఇవాళే రొట్టె మాన్పించేస్తానని చెప్పి బయలుదేరింది.

రనీమ్ పరుగెత్తి ఆమె బ్యాగు పట్టుకుంది. "మీ తాత ఇంజెక్షన్ వేసుకుంటారా?"

"ఏమో, తెలీదు."

"అయితే ముందు ఇంట్లో అడుగు. అప్పటిదాకా ఆయన రొట్టె ముట్టుకోకు."

ఫైరూజ్ సరే అనేదాకా రనీమ్ బ్యాగు వదల్లేదు.