మాదన్న ఇంట్లో చివరి కాగితం

ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి కొసన మాదన్న ఇల్లుందే — చీకటి పడితే ఆ గోడ పక్కన ఎవరూ నడవరు. మాదన్న నేస్తూ నేస్తూ మగ్గం మీదే తల వాల్చి పోయినాడు. సగం నేసిన చీర అట్లనే ఉండిపోయింది. చచ్చినవాడి పడుగు కోయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. తడి నూలుతో నేసిన ఆ గుడ్డ ఎప్పుడో ఆరి, నాలుగేళ్ల దుమ్ము పట్టింది.

అవిటికాలు మనిషి, అందుకని ఆయన నేత చప్పుడే వేరు. రెండు దెబ్బలు... కాస్త ఆగడం... ఒక దెబ్బ. ఆ చప్పుడు ఇంకా వినబడుతుందని అంటారు.

కర్నూలు రాజధాని అయిన ఏడు, ఆ వీధిలోని లక్ష్మప్ప ఆదోని నుంచి ఒక డిటెక్టివు నవల అద్దెకు తెచ్చుకున్నాడు. అది కథో, కలో తెలీదు! ఎప్పుడూ వాన పడే పట్నం. నల్లచీర ఆడమనిషి వెనకాలే డిటెక్టివు నడుస్తాడు. ఏ తలుపు తీసినా అదే గది. గదిలో ఒక మనిషి, వీపు ఇటు పెట్టుకుని... ముఖం కనబడదు. ఆ మనిషెవరో చివరి కాగితంలో ఉండాలి.

ఆ కాగితమే లేదు. మొన్నటిదాకా ఉండింది!

ఇంక లక్ష్మప్ప కంటికి అందరూ దొంగలే. అందరికంటే ముందు పెళ్లాం ఈశ్వరమ్మ. పొద్దున ఆమె కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయి? వేలికి దీపం మసి ఎట్లా అంటింది? బుడ్డిలో చమురు ఏమైంది?

"ఏమ్మే, రాత్రి నిద్ర పోలేదా?"

"నీ గురక ఇనుకుంటా ఎవరు పోతారు నిద్ర?" అని నవ్వింది. ఆ నవ్వు కూడా నవల్లో నల్లచీర ఆమె నవ్వులాగే ఉంది.

అమావాస్య రాత్రి మెలకువ వస్తే పక్కన ఆమె లేదు. తలుపు ఓరగా ఉంది. వీధి కొసకు ఒక దీపం పోతోంది... మాదన్న ఇంట్లోకి దూరింది.

ఎవడున్నాడు లోపల? ఎవడైనా కనబడితే తెల్లారేసరికి ఆమెను కౌతాళంలో పుట్టింట్లో వదిలేయడమే అనుకున్నాడు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఆ మాటకే గడప మీద చాలాసేపు కూర్చుండిపోయినాడు. ఆఖరికి లేచినాడు.

గోడ దగ్గరికి పోయేసరికి — మగ్గం చప్పుడు.

అమావాస్యనాడు ఆ వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు. మరి ఎవరిది? నేతగాడికి చప్పుడు వింటే చాలు, మనిషి తెలుస్తాడు. లక్ష్మప్ప గోడకు చెవి ఆనించినాడు.

రెండు దెబ్బలు... ఆగింది... ఒక దెబ్బ.

లోపల ఈశ్వరమ్మ ఉంది! కోపమంతా ఎటుపోయిందో... తలుపు తోసినాడు. చప్పుడు ఆగిపోయింది.

ముందుగదిలో దీపం. దాని ముందు ఒక మనిషి, వీపు ఇటు పెట్టుకుని... మెల్లగా తల తిరిగింది.

ఈశ్వరమ్మే. ఒడిలో నవల, చేతిలో చివరి కాగితం.

"అబ్బ! దడుసుకున్యా గదయ్యా!"

"ఈడ... ఈడేం చేస్తాండావే?"

"సదువుకుంటాండా. ఇంట్లో మీయమ్మ చూస్తే ఊరుకుంటాదా?"

"ఆ కాగితం?"

"నేనే దాచిపెట్టినా. నువ్వు ముందు సదివితే నోరాపుకోలేవు, ఆ మనిషెవరో సెప్పేస్తావు."

లక్ష్మప్పకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చినాయి. ఆమె పక్కన కూలబడినాడు. ఇంత బంగారాన్నా అనుమానించింది!

"ఒక్కదానివే... భయం కాలేదా?"

"ఏం భయం? నువ్వు లేచి మగ్గమెక్కినావు గదా. మన మగ్గం చప్పుడు ఇనుకుంటా సదువుకుంటాంటి."

లక్ష్మప్ప లోపలి గది వైపు తిరిగినాడు.

"ఈ పొద్దు... అమాస గదే."

ఈశ్వరమ్మ చేతిలోంచి కాగితం జారింది.

దీపం పట్టుకుని ఇద్దరూ లోపలి గదిలోకి తొంగిచూసినారు. నేసేవాడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో ఎవరూ లేరు. మాదన్న చీర అట్లనే ఉంది. లక్ష్మప్ప చెయ్యి చాచినాడు... దుమ్ము... దుమ్ము... చీర కొసకు వచ్చేసరికి వేళ్లు ఆగిపోయినాయి.

అక్కడ, నాలుగు వేళ్ల మేర — గుడ్డ తడిగా ఉంది.