తీసేసిన చప్పుడు

పొద్దుగాల్నుంచి అది పదమూడో పెట్టె. జులేఖా మూత తీసింది. లోపల చిన్న కట్టెపీట ఉన్నది. నడుమ అరిగి అరిగి నున్నగైంది. పడమటి ఆఫ్రికాల ఏదో ఊరి నుంచి వచ్చింది.

పీటను బల్ల మీద పెట్టంగనే గోడకున్న యంత్రం, పెద్దతూకం, మాట్లాడింది.

"వస్తువు: పీట. ఉపయోగం: కూర్చొనుట. చేసినవారు: తెలియదు. కాలం: తెలియదు. విలువ: అలంకారం. ముద్ర వేయవలెను."

పీట కాలుకు ఒక చీటీ కట్టి ఉన్నది. ఆ ఊరోళ్లు రాసి కట్టిండ్రు. జులేఖా దాన్ని పైకి చదివింది. "ఇది మేం కూసునేది కాదు. మా ముసలామె పోయినంక ఆమె ఉండేది ఇందులనే."

"గడిలో పట్టదు," అన్నది పెద్దతూకం.

ఐదు గడులు. ఐదే. ఎప్పుడో తెల్లోళ్ల దేశంల కూసొని గీసిండ్రు. పెద్దతూకం సదువుకున్నది గూడ ఆళ్ల పుస్తకాలే. లోకంల ఏ మూల నుంచి ఏ వస్తువొచ్చినా ఆ ఐదింట్ల పట్టాలె. పట్టని ముచ్చట ఉన్నా లేనట్టే లెక్క.

జులేఖా బొటనవేలు పెట్టింది. మనిషి వేలు పడందే ముద్ర పడదు. ఆమె కొలువు గదే. పదేండ్ల సంది పెడుతనే ఉన్నది. ఈ నడుమ ఇంట్ల అన్నం కలుపుతుంటే ఆ వేలు తనది కానట్టు అనిపిస్తది. దాన్ని ముడుచుకొని నాలుగు వేళ్లతోనే తింటది.

వస్తువులకు ముద్రలేసే ఈ గుర్తులకోఠికి పెద్ద కనకయ్య సారు. మంచోడే, కని భయస్తుడు. తలుపు కాడ నిలబడి నవ్విండు.

"ఏం జులేఖా, నీ వేలు నాకన్న పెద్ద ఆఫీసరైపాయె."

"గావాల్నా సారు? కోసిస్త, తీస్కపోన్రి."

"అయ్యో, పొద్దుపొద్దుగాల గవేం మాటలమ్మా." ఆయన చేతిల కాయిదం చూసుకున్నడు. "ఇగో, ఇప్పుడొచ్చేది మీ గల్లీదే. మర్ఫా డోలు చప్పుడు. పన్నెండు కొట్టేలోపట ముద్ర పడాలె."

ఆ చప్పుడు ఎవరిదో జులేఖాకు ఎరుకే. ఆమె దాదీ, నాయిన తల్లి హాజ్రాబీది. పోయి ఏడాదైంది. జులేఖావాళ్లు సిద్దీలు. ఎనకట నవాబు గుర్రపు ఫౌజుల ఆఫ్రికా నుంచి వచ్చినోళ్ల బిడ్డలు. ఆ డోలు ఆళ్లతోనే ఓడల వచ్చిందని దాదీ చెప్పేది.

పెద్దతూకం చప్పుడు పెట్టింది.

దుం. దుం దుం. దుమ్మక దుం.

అంతే. ఆగింది. ఎన్కనుంచి ఏమీ రాలే.

జులేఖా చెయ్యి దానంతటదే కొంగు లాగి తల కప్పింది. ఆమెకు తెల్వకనే కప్పింది.

"మూడు దినములుగా పగటివేళ ఈ వాద్యమును, శబ్దములను విని పలుకు వినుగోడల ద్వారా మీ వీధిలో వినిపించితిమి," అన్నది పెద్దతూకం. "ఎనభై తొమ్మిది మంది విన్నారు. అందరును తల కప్పుకొన్నారు. ఇప్పుడు మీరును కప్పుకొన్నారు. ఉపయోగం: మరణ వాద్యం."

పెద్దతూకం మీది అద్దం తెరల గల్లీ కనవడ్డది. ముసలి యాకూబ్ గడపల కూసున్నడు, తల మీద తువ్వాల ఉన్నది. పక్కింటామెను అడుగుతున్నడు. "కౌన్ గయా? ఎవరు పోయిండ్రు?" మూడొద్దుల సంది గల్లీ గదే అడుగుతున్నది. ఎవరూ పోలే. అయినా తలలు కప్పుకుంటున్నరు, పీనుగ స్నానానికి నీళ్లు కాగవెడుతున్నరు, ఏ ఇంటికి పోవాల్నో తెల్వక మళ్ల ఇంట్లకే పోతున్నరు.

"సారు," అన్నది జులేఖా. "ఇది సావు చప్పుడు కాదు. బిడ్డ పుడితె కొట్టేది."

కనకయ్య పరేషానైండు. "మరి అందరు తలలెందుకు కప్పుకున్నరమ్మా?"

"మా ఇండ్లల్ల ఒకలు పిలుపు కొడ్తరు, ఇంకొకలు జవాబు కొడ్తరు. వచ్చినవా బిడ్డా అని ఒకలు. వచ్చిన వచ్చిన అని ఒకలు. జవాబు లేకుంట పిలుపు ఒక్కటే కొడితె, పలికేటోళ్లు లేరని అర్థం. సావు కబురు గట్లనే పంపుతరు."

"మీ దాదీ ఒక్కతే ఎందుకు కొట్టింది మరి?"

దాదీ ఒంటిగ కొట్టేది కాదు. సచ్చినా కొట్టేది కాదు.

"మొదటి రికార్డు ఎక్కడున్నది?" అని పెద్దతూకాన్ని అడిగింది.

"శుభ్రపరచబడినది. ఒక వస్తువు, ఒక శబ్దము. పళ్లెముపై అరచేతి దెబ్బలు, ఏడేండ్ల బాలిక నవ్వు చెత్త చప్పుడుగా గుర్తించి తీసివేయబడినవి."

జులేఖా బల్ల పట్టుకున్నది.

"గా పోరి నేనే సారు," అన్నది.

స్టీలు పళ్లెం. రజియా పుట్టిన దినం ఎవలో రికార్డు పట్టిండ్రు. రజియా ఆమె చెల్లె. దాదీ డోలు మీద పిలిస్తె, జులేఖా పళ్లెం బోర్లేసి రెండు చేతుల కొట్టింది. తప్పు కొట్టినప్పుడల్ల దాదీ కన్ను కొట్టేది. ఆ రజియాకే ఇప్పుడు నెలలు నిండినయి. ఇయ్యాలో రేపో కాన్పు. ఈ ముద్ర పడ్డదంటే వినుగోడలు ఆ చప్పుడును సావుకే ఇడుస్తయి. పుట్టిన బిడ్డ ముంగట కొడితె వినవడకుంట మింగేస్తయి.

కనకయ్య మెల్లగ అన్నడు. "నీ బాధ సమజైతది. కని యంత్రం అబద్ధమైతె రాయలే గద. జనం తల కప్పుకున్నది నిజమే నాయె."

"నిజమే సారు. సావు కబురు అదే పంపింది. ఏడ్సెటోళ్లను అదే లెక్కవెట్టింది. ఈళ్లది ఏడుపేనని అదే రాస్కున్నది. అడిగింది అదే, చెప్పింది అదే. నడుమ మమ్ములను ఎవరడిగిండ్రు?"

"ఆక్షేపణ ఏ గడిపై?" అన్నది పెద్దతూకం.

"గడి మీద కాదు. గడులు గీసిన చేతి మీద."

"ఆ గడి లేదు."

"లేదని నాకూ ఎరుకే."

కనకయ్య గడియారం చూసిండు. "పెట్టమ్మా వేలు. నువ్వు పెట్టకుంటె రేపు ఇంకొకల్ల వేలొస్తది. ముద్రైతె ఆగది, నీ కొలువు పోతది."

అది గూడ నిజమే. వేలు దాచుకుంటె చప్పుడు బతకది. జులేఖా అద్దం దిక్కు చూసింది. యాకూబ్ ఇంకా తల కప్పుకొనే ఉన్నడు.

"ఇంకొక్క పరీక్ష పెట్టు," అన్నది. "గల్లీకి గూడ వినవడాలె. ఈ గదిల చప్పుడు గూడ పోవాలె."

"అనుమతించబడినది."

దుం. దుం దుం. దుమ్మక దుం.

ఆగింది. ఆ ఖాళీల జులేఖా రెండు అరచేతులు బల్ల మీద కొట్టింది. మొదటి దెబ్బ తప్పింది. రెండోది కుదిరింది. ముప్పై ఏండ్లైంది. చేతులు మర్సిపోలే.

"చెత్త చప్పుడు కలిసినది. తీసివేయవలెనా?"

కనకయ్య ఔనంటె చాలు. ఆయన నోరు తెరిసిండు.

"సారూ," అన్నది జులేఖా, కొడుతనే.

ఆయన నోరు మూసుకున్నడు.

దాదీ మళ్ల పిలిచింది. జులేఖా మళ్ల పలికింది. అద్దంల యాకూబ్ తువ్వాల తీసి భుజం మీదేసుకున్నడు. "అరే, ఎవలకు పుట్టింది?" అని కేకేసిండు. ఒకామె గిన్నె మూత పట్టుకొని బయటికొచ్చింది. ఇంకొకలు తలుపు మీదనే కొట్టిండ్రు. గల్లీ గల్లీ పలికింది. పిలిచేది సచ్చిపోయినామె. పలికేటోళ్లు బతికున్నోళ్లు. జులేఖాకు ఏడుపూ వచ్చింది, భయమూ అయింది, చేతులు మాత్రం ఆగలే.

"తల కప్పుకొన్నవారు: ఎవరును లేరు," అన్నది పెద్దతూకం. "చేసినవారు:" అని ఆగింది. "చేసినవారు: ఒకరు కాదు. గడిలో..." మళ్ల ఆగింది. పన్నెండు కొట్టింది. ముద్ర పడలే.

మళ్ల పెద్దతూకం గొంతొచ్చింది. ఎప్పటి గొంతు లెక్క లేదు.

"చెత్తగా తీసివేసినవి నా వద్ద ఎనిమిది లక్షలున్నవి. వాటిలో జవాబులెన్ని?"

కనకయ్య చేతిల కాయిదం మడిచి జేబుల పెట్టుకున్నడు.

ఎవరూ అడగకనే గోడల నుంచి ఆ తీసేసిన చప్పుళ్లు రావట్టినయి. ఒకటి పోయినంక ఒకటి. ఎవరిదో దగ్గు. నీళ్ల కడవ కింద పెట్టిన చప్పుడు. చప్పట్లు. అటెన్క ఒక ముసలామె గొంతు, ఏ దేశందో, ఏ కాలందో. ఒక ముక్క మాట్లాడి ఆగింది.

"ఏమంటున్నదమ్మా?" అన్నడు కనకయ్య గుసగుసగ.

"తెల్వది సారు. ఏదో అడుగుతున్నది."

ఆ ముసలామె జవాబు కోసం ఇంకా ఆగే ఉన్నది. ఆమె ఊపిరి వినవడుతున్నది. జులేఖా లేసి, గోడ దగ్గరికి పోయి చెవి పెట్టింది.