వంకర కొమ్మలు

కొండమీద దారులు చీలేచోట, బాణం పలకల స్తంభానికి జారగిలబడి ఉన్నాడు ఐవిన్. పొట్టలో తూటాలు. కింద మంచు ఎర్రగా తడిసింది.

“మీ అత్తగారి మేక ఈనిందా?” హాల్వార్ అలవాటుకొద్దీ కోడ్ అడిగాడు.

“ఈనింది నా బొంద!” ఐవిన్ నవ్వబోయి నెత్తురు కక్కాడు. “విగ్డిస్ రా... మన విగ్డిస్సే కాల్చింది. జర్మన్లని తేవడానికి పోయింది. గుడిసె సంగతి దానికి తెలుసు.”

తల వాలిపోయింది.

జర్మన్లు ఆక్రమించిన ఓస్లోలో, ఆఫీసర్ల క్లబ్బులో పాడుతూ వాళ్ల రహస్యాలు మనకి చేరవేసే అందగత్తె విగ్డిస్. మన రహస్యాలూ అటు చేరుతున్నాయన్నమాట, రాక్షసి! సరస్సు అవతల గుడిసెలో లండన్‌తో మాట్లాడే రేడియో ఉంది. దాని పక్కన కాలు విరిగి, కదల్లేని అన్న ఆస్మున్ ఉన్నాడు.

హాల్వార్ దగ్గరున్నది ఒక్కటే ఆయుధం: లోపల ఒకే ఒక్క తూటా దాచిన స్కీ కర్ర. పొగమంచు దిగుతోంది. గుడిసె వైపు చూపే పలకను వేరే దారివైపు తిప్పేశాడు. తర్వాత గడ్డకట్టిన సరస్సు మీద క్షేమమైన బాటకి గుర్తుగా పాతిన బర్చ్ చెట్టు కొమ్మల దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఏటా ఈస్టర్‌కి నాన్నతో కలిసి తనే పాతేవాడు వాటిని. కొమ్మ కదిపినవాడు హంతకుడేనని నాన్న అనేవాడు. అయినా బోర్లా పాకుతూ, ఒక్కొక్కటే పీకి, ఏరు కలిసేచోట గుల్లబారిన మంచు మీదికి మళ్లించాడు.

ఒడ్డున బండ వెనక నక్కాడో లేదో, స్కీల చప్పుడు వినిపించింది.

“పలక తిప్పేశారు, పిచ్చి సన్నాసులు!” విగ్డిస్ పకపకా నవ్వింది. “కెప్టెన్ గారూ, కొమ్మలు చూసుకుంటూ పదండి.”

“అవీ కదిపి ఉంటే?”

“కొమ్మలా? నార్వేలో పుట్టినవాడెవడూ వాటిని ముట్టుకోడండీ!”

కాసేపటికి పొగమంచులో ఫెళ్లున చప్పుడు. కేకలు. నీళ్లలో ఈత రాని బూట్ల కొట్టుకులాట. ఒక్కొక్క గొంతూ ఆగిపోయింది. కెప్టెన్ మాత్రం ఒడ్డుకి పాకి, హాల్వార్‌ను చూసి మీదికి దూకి గొంతు నులిమాడు. హాల్వార్ స్కీ కర్రను అతని గడ్డం కింద ఆనించి మీట నొక్కాడు. వెచ్చటి నెత్తురు ముఖాన చిమ్మింది.

విగ్డిస్ మంచు అంచు పట్టుకుని వేలాడుతోంది.

“హాల్వార్! కొమ్మలు కదిపింది నువ్వా? ఛీ, మనిషివేనా?”

హాల్వార్ కర్ర చాపాడు. ఒక చేత్తో అది పట్టుకుని, రెండో చేత్తో కోటులోంచి పిస్తోలు తీసింది. తూటా చెవి పక్కనుంచి దూసుకుపోయింది. కర్ర వదిలేశాడు. నల్లటి నీళ్లు ఆమెను మింగేశాయి.

ఒక్కో కొమ్మనీ పాత చోట నాటుకుంటూ, మిగిలిన ఒంటి కర్రతో గుడిసె చేరాడు.

“ఏరా, ఇంత ఆలస్యమా?” ఆస్మున్ మండిపడ్డాడు.

“ఎవడో కొమ్మలు కదిపాడన్నయ్యా. సరిచేసి వచ్చాను.”

“కొమ్మలు కదిపాడా! ఎవడ్రా ఆ దరిద్రుడు? దొరికితే చంపెయ్యాలి!”

హాల్వార్ కాఫీ కెటిల్ అందుకుని, “చంపుదువుగానిలే, ముందు కాలు బాగుపడనీ” అన్నాడు.