చేప తలకాయ ఎవరి పళ్లెంలో?

భవానీపూర్ ఆటో స్టాండులో ఇరవై మంది వరసగా నిలబడి ఉంటే, ధనుంజయ్ వాళ్లందరినీ దాటుకెళ్లి ఆటోలో దర్జాగా కూర్చున్నాడు. వాళ్ల ఊరు భావనపాడులో ఆటో ఆగకముందే ఎగిరి ఎక్కినవాడిదే సీటు. ఈ జనమంతా రేషన్ కోసం నిలబడ్డారనుకున్నాడు పాపం.

వెనక నుంచి ఎవరో కాలరు పట్టుకుని లాగారు. చూస్తే ఒక అమ్మాయి. కళ్లు ఎంత పెద్దవంటే, ఒక దాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే పడవ కట్టించుకోవాలి.

"దాదా, లైన్!" అంటూ బెంగాలీలో గడగడా దులిపేసింది.

"ఓలమ్మో, ఇదేటి గొడవ" అని గొణిగాడు.

ఆమె ఠక్కున ఆగింది. "తెలుగోడివా? అయితే మరీ సిగ్గు నేదు. ఎనక్కెల్లి నిలబడు!"

వెళ్లి నిలబడ్డాడు. ఆమె ఆటో ఎక్కి పోతూ, వెనక్కి తిరిగి నవ్వింది. ఆ తర్వాత మూడు ఆటోలు వచ్చి నిండి వెళ్లిపోయినా మనవాడు అక్కడే నిలబడి ఉన్నాడు.

ఓడరేవు డాక్‌లో పనికొచ్చి అప్పటికి వారం. ఆ సాయంత్రం తెలిసింది, తను అద్దెకున్న గది పైవాటాలోనే ఆమె ఉంటుందని. పేరు భాను. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. కార్పొరేషన్లో చేసి రిటైరైన అమ్మమ్మ కాసులమ్మ ఆమెకు తోడు. అమ్మమ్మని ఇక్కడివాళ్లలాగే 'దీదా' అంటుంది.

నాలుగు నెలలు గడిచినా వాడికి ఊరు బోధపడలేదు. పప్పులో పంచదార ఎందుకు? చెమటలు పడుతుంటే ఉన్ని టోపీలెందుకు? అన్నింటికన్నా బోధపడనిది భాను. నిన్న నవ్వుతుంది, ఇవాళ మొహం తిప్పుకుంటుంది. ఒకరోజు వానలో, "నాకు సగం గొడుగు సాలు, మిగతా సగం కిందకి రా" అంది. దానికర్థం ఏమిటో ఆలోచిస్తూ వాడు వానలోనే నడిచి ఇల్లు చేరాడు.

అలాంటివాణ్ణి ఒక శనివారం కాసులమ్మ మెట్ల దగ్గర ఆపింది.

"రేపు భోజనానికి రా బావు. సంత్రాగాఛి రైల్వే కోటర్సునుంచి అభిజిత్ అని మన తెలుగు కుర్రోడొస్తన్నాడు, మా భానుని సూసుకోడానికి."

"మరి నానెందుకు మామ్మా?"

"రమ్మంటే రావాల!"

కుర్చీలు మోయడానికేమో అనుకున్నాడు. గుండె రాయి చేసుకుని పొద్దున్నే పైకెళ్లాడు. ఉల్లిపాయలు కోశాడు, నీళ్లు మోశాడు, చాపలు పరిచాడు. కాసులమ్మ తెచ్చిన బొచ్చె చేప ఎంతంటే, తల వంటింట్లో ఉంటే తోక మెట్రో స్టేషన్ మెట్ల మీద ఉందంటారు. నేనైతే సగమే నమ్ముతాను.

అభిజిత్ వచ్చాడు. తెల్లచొక్కా, సెంటు, మర్యాద. అతన్నీ ధనుంజయ్‌నీ పక్కపక్కన కూర్చోబెట్టారు. కాసులమ్మ గరిటెతో చేప తలకాయ ఎత్తి, ఒకసారి వంటింటి గుమ్మంలో ఉన్న భాను వైపు చూసి, తెచ్చి ధనుంజయ్ పళ్లెంలో వేసింది.

తలకాయంటే వాడికి ప్రాణం. కానీ పక్కన అభిజిత్ పళ్లెంలో ఉన్నది తోక ముక్క. భానుని ఎగరేసుకుపోవడానికి వచ్చినవాడే, అయినా మర్యాద మర్యాదే కదా! ధనుంజయ్ కాసులమ్మ చేతిలో గరిటె తీసుకుని, ఆ తలకాయని ఎత్తి, జాగ్రత్తగా అభిజిత్ పళ్లెంలో పెట్టాడు.

"మీరు తినండి బావు."

అభిజిత్ మొహం పూజ పందిరిలా వెలిగిపోయింది. "థాంక్యూ దాదా!" అని పట్టుకుని కొరికాడు. కాసులమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వంటింట్లో గిన్నె దబ్బున పడింది.

ఏం తప్పు చేశాడో తెలియక, ధనుంజయ్ లేచి వంటింట్లోకి పరిగెత్తాడు.

"ఏటయింది భానూ?"

"ఏటీ కాలేదు. నీకు నానొద్దైతే నోటితో సెప్పొచ్చు కదా! అందరి ముందరా ఆడికిచ్చెయ్యాలా?"

"నిన్నెవుడికిచ్చినాను? సేప తలకాయ కదా ఇచ్చినాను!"

"రెండూ ఒకటే! ఈ ఊర్లో తలకాయ అల్లుడికేస్తారు. మా నాన్నకీ అలాగే ఏసినారు. ఇద్దర్లో ఎవుడు కావాలో నన్నే సెప్పమంది దీదా. నీ పల్లెంలో ఎయ్యమని నానే సెప్పినాను, తెలుసా! అటు సూడు, ఆడు ఎముకలు కూడా నమిలేస్తన్నాడు."

ధనుంజయ్ గబగబా చెప్పుకొచ్చాడు.

"మా కాడ బయటోడొస్తే మంచి ముక్క ఆడికే ఎయ్యాల. ఆడంటే సుట్టం. నాను ఇంటోడ్నే గదా..."

"ఏటన్నావు?"

"ఇంటోడ్ని..."

అప్పుడు వినబడింది వాడికి, తనేమన్నాడో. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. భాను పైట చివర నోట్లో కుక్కుకుంది. ఏడుపో నవ్వో, అదీ అర్థం కాలేదు వాడికి.

అవతల కాసులమ్మ గొంతు ఖంగుమంది. "అభిజిత్ నాయినా, బాగుందా?"

"అదిరిపోయింది దీదా!"

"సుబ్బరంగా తిను. సుట్టానివి కదా, మల్లీ మల్లీ వస్తావా ఏటి." తర్వాత వంటింటి వైపు తిరిగింది. "ఏం ధనుంజయ్! ఇంటోడివైతే అక్కడ నక్కినావేటి? ఒచ్చి సుట్టానికి పులుసు పొయ్యి!"

అభిజిత్ నమలడం ఆపాడు. ముందు కాసులమ్మని, తర్వాత వీళ్లిద్దరినీ చూశాడు. నిట్టూర్చి, "పోన్లే దాదా, తలకాయైనా దక్కింది" అని పళ్లెం ముందుకు జరిపాడు.

ధనుంజయ్ గిన్నె పట్టుకొచ్చాడు. వెనక్కి తిరిగి భానుని చూస్తూ పోసేసరికి సగం పులుసు ఆ తెల్లచొక్కా మీద పడింది.

భాను వెనక నుంచి తువ్వాలు అందిస్తూ అంది: "ఏటీ అనుకోకండి. మా ఆయనకి వడ్డించడం కొత్త."

ఆ మాటకి మిగతా సగమూ ఒలికిపోయింది.