పదకొండు సెకన్లు

హత్యల సినిమాల్లో మూసిన తలుపు వెనక చప్పుడు వినబడ్డాక, కథలోని పిల్ల వెళ్ళి దాన్ని తెరవడానికి సగటున పదకొండు సెకన్లు పడుతుంది. అరవై రెండు సినిమాలు గడియారం పెట్టుకుని చూశాను. అంతకంటే ముందే తెరిస్తే చూసేవాళ్ళకి భయం ఊరదు. ఆలస్యమైతే ఫోను తీస్తారు. ఇలాంటి లెక్కలు చెప్పడానికే నాకో వీడియో ఛానెల్ ఉంది.

నా జోడీ చెల్లి. తొమ్మిదో తరగతి. కాలేజీ పిల్లల హత్యల సీరియల్ ఏది వచ్చినా ఇద్దరం ఒకే దుప్పట్లో దూరి చూస్తాం. సగంలో ఆపి, హంతకుడెవరో చీటీ మీద రాసి ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేస్తాం. నలభై సీరియళ్ళలో దాని చీటీ ముప్పై ఒక్కసార్లు నిజమైంది. నాది పందొమ్మిది.

"లెక్కలు నీవి, బుర్ర నాది," అంది ఒకరోజు. "ఒరేయ్ అన్నయ్యా, అసలా పిల్ల తలుపెందుకు తీస్తుందో చెప్పు చూద్దాం."

"బుద్ధిలేక."

"కాదు. లోపలున్నది తెలిసినవాళ్ళేమోనని."

ఆ మాట నిజమో కాదో కొలిచి చూడాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళింది. ఆమె కుట్టుగదిలో నిలువెత్తు చెక్క అల్మారా ఉంది. తీస్తే కొత్త గుడ్డల వాసన, కలరా ఉండల వాసన. చెల్లికి చిన్నప్పటినుంచీ అదంటే హడల్. లోపలున్న హ్యాంగర్‌కి నల్లదారం కట్టి, తలుపు సందులోంచి బయటికి తెచ్చి, గుమ్మం కర్టెన్ వెనక నిలబడ్డాను. ఫోన్లో కెమెరా ఆన్ చేసి, కత్తెర తెమ్మని దాన్ని లోపలికి పంపాను.

దారం లాగాను. టక్.

చెల్లి ఆగిపోయింది.

మూడు... నాలుగు... మిషను మీద గుడ్డముక్క ఫ్యాను గాలికి ఆడుతోంది. మళ్ళీ లాగాను. టక్.

"అన్నయ్యా..." అల్మారా వైపే చూస్తూ అడిగింది. "నువ్వేనా?"

పలకాల్సింది. ఒక్క ముక్క చాలు. కానీ అప్పటికి ఏడే అయ్యాయి. పెదాలు బిగబట్టి లెక్కపెట్టాను. ఎనిమిది... తొమ్మిది... పది...

సరిగ్గా పదకొండుకి తలుపు తీసింది.

అలాంటి కేక ఏ సినిమాలోనూ వినలేదు. నవ్వుతూ బయటికొచ్చాను. చెల్లి నేలమీద కూలబడి ఉంది. నన్ను చూసింది. అల్మారాని చూసింది. మళ్ళీ నన్నే చూసింది. పక్కగదిలోకి పోయి దుప్పటి ముసుగు పెట్టుకుంది.

నేను వినకుండానే వీడియో ఎక్కించేశాను. చీకటి పడేసరికి నాలుగు వేల మంది చూశారు. గంటకి ఎనిమిది వందలు. గోడకవతల అది వెక్కుతుంటే, ఇవతల నేను సగటు తీస్తున్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, జరిగింది అదే.

అప్పుడు ఎవరో వీడియో కింద రాశారు: "అల్మారాలోంచి చెల్లిని పిలిచావు చూడు, ఆ గొంతు అదిరింది."

నేను అల్మారాలో లేను కదా...

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. "నువ్వేనా?" అన్న తర్వాత, నేను పెదాలు బిగబట్టిన చోట, చెక్క వెనకనుంచి చిన్నగా వినబడింది.

"నేనే."

నా గొంతే. చివర్లో కాస్త జీర. మూడు సెకన్లాగి, "లోపలికి రా."

వీడియో తీసేశాను. తలెత్తితే నా గది గుమ్మంలో చెల్లి. కుడి మణికట్టుని రెండో చేత్తో గట్టిగా మూసి పట్టుకుంది.

"అల్మారా లోపల నా చెయ్యి పట్టుకున్నది నువ్వేగా?" అంది. "అమ్మకి చెప్పనులే. నువ్వేనని చెప్పు, చాలు."

కాదంటే దీనికి ఇక నిద్ర ఉండదు. ఔనంటే జన్మలో నన్ను నమ్మదు. మధ్యాహ్నం మింగేసిన మాట ఇప్పుడైనా చెప్పాలి కదా.

"నేనే," అన్నాను.

సిగ్గుతో గొంతు జీరబోయింది. ఆ జీర ఇందాకే విన్నాను. అదే... అచ్చంగా అదే.

చెల్లి ఊపిరి వదిలింది. గుమ్మం మాత్రం దాటలేదు. లోపలికి రమ్మని పిలుస్తానేమోనని చూస్తోంది.

ఎవరూ లేని కుట్టుగదిలో... టక్.

మధ్యాహ్నమే విప్పేసిన దారం నా జేబులోనే ఉంది.

రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఒకటి... రెండు...