నీలి టార్పాలిన్ కింద

వేడ్ ట్రోక్లేర్ వెల్లకిలా పడి ఉన్నాడు.

అర్లీన్ వెరే గంబో పులుసు అమ్మే కొట్టు మధ్యలో, బల్లలు తీసేసిన ఖాళీ సిమెంటు నేల మీద. తల వెనక నెత్తురు గడ్డకట్టింది. సరిగ్గా పైన, రేకుల కప్పులో మనిషి పట్టేంత కన్నం. ఆగస్టులో వచ్చిన హరికేన్ చేసిన కన్నం అది. దాని మీద కప్పిన నీలి టార్పాలిన్‌లోంచి పొద్దుటి ఎండ దిగుతోంది. ఆ నీలి వెలుగు శవం ముఖం మీద అలలు అలలుగా కదులుతోంది.

డిటెక్టివ్ ఓడీల్ నాకాన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ ముఖం ఆమెకి తెలుసు. ఆ బయూ కాలవ పొడుగునా తెలియనివాళ్లు లేరు. గాలివానకి దెబ్బతిన్న చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ సాయం అందాలంటే, ముందు నష్టం చూసి రిపోర్టు ఇవ్వాల్సిన ఇన్‌స్పెక్టరు వేడ్. చెయ్యి తడిపినవాళ్లకి నష్టం రెండింతలు చూపించేవాడు. తడపనివాళ్లకి గాలివాన నష్టమే లేదనేవాడు. ఓడీల్ తల్లి నడిపిన లాండ్రీ అలాగే మూతపడింది. శవాన్ని చూస్తే జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ వెయ్యలేదు.

"యాక్సిడెంటే మేడమ్," అన్నాడు డెప్యూటీ బ్రైస్. "బయట నిచ్చెన వేసుంది. చూరు దగ్గర టార్పాలిన్ మేకులు ఊడదీసున్నాయి. కప్పు చూద్దామని ఎక్కాడు, కన్నంలోంచి జారాడు."

"ఈ కొట్టుకి సాయం లేదని ఎప్పుడో తేల్చేశాడుగా. మళ్లీ ఎక్కడమెందుకు?"

బ్రైస్ గొంతు తగ్గించాడు. "ఆల్సీడ్ కూడా ఇందులోంచే పడ్డాడు, గుర్తుందా?"

గుర్తుంది. ఆల్సీడ్ వెరే, అర్లీన్ భర్త. సాయం రాదని తేలాక, కూలికి మనిషిని పెట్టుకునే స్తోమత లేక, తనే రేకులు వెయ్యబోయాడు. అక్టోబరులో ఇదే కన్నంలోంచి ఇదే నేల మీద పడి ప్రాణం వదిలాడు.

ఓడీల్ మోకాళ్ల మీద కూర్చుంది. శవం చొక్కా తాకింది. పొడిగా ఉంది. తలకింద జుట్టులో, గాయం లోపల, ముతక ఇసుకలాంటి రవ్వ అంటుకుంది. పచ్చ రంగు.

"డాక్టరు వచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు," అంది. "ముఖ్యంగా ఆ టార్పాలిన్."

అర్లీన్ వెనక రేవు మీద కూర్చుని కాఫీ తాగుతోంది. అరవై దాటిన మనిషి. కళ్లలో తడి లేదు.

"ఎప్పుడు చూశారు, మిస్ అర్లీన్?"

"తెల్లారి తలుపు తియ్యగానే. రాత్రి మా అక్క ఇంట్లో పడుకున్నా. అడుగు కావాలంటే. అది రాత్రంతా నా గురక గురించి తిడుతూనే ఉంది."

"చూసి ఏం చేశారు?"

"కాఫీ పెట్టుకున్నా."

"ముందు పోలీసులకి ఫోన్ చెయ్యకుండానా?"

"వాడెక్కడికి పోతాడు, షేర్?" షేర్ అంటే అక్కడ 'తల్లీ' అన్నట్టే. అర్లీన్ కప్పు కింద పెట్టింది. "రెండు నెల్లుగా దేవుణ్ని ఒకటే అడుగుతున్నా. మా ఆయన పడ్డ చోటే వాడూ పడాలని. తలుపు తియ్యగానే ఎదురుగా ఉన్నాడు. కాసేపు కూర్చుని చూసుకున్నా. తప్పా?"

"మీరే చంపారా?"

"చంపుంటే నీ కంటే ముందు ఊరంతా చెప్పేదాన్ని. ఎవడో నా వాటా కొట్టేశాడు. నా ఏడుపంతా అదే."

నిచ్చెన మీద ఎర్ర రంగుతో నోలన్ పేరు రాసుంది. నోలన్ డార్డార్, పక్కనే పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. అతని షెడ్డు కూడా టార్పాలిన్ కిందే ఉంది. ఓడీల్ వెళ్లేసరికి ఇంజను కింద దూరి ఉన్నాడు.

"నిచ్చెన నీదేనా?"

"నాదే. ఎప్పుడూ బయటే పడుంటుంది. కావాల్సినవాళ్లు పట్టుకుపోతారు. తిరిగి పెట్టే పాపాన ఎవడూ పోడు."

"నిన్న వేడ్‌ని చూశావా?"

నోలన్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "చూశా. వాన ఆగాక, చీకటి పడుతుండగా, పెట్రోల్ బంకు దగ్గర. బాగా తాగున్నాడు. నన్ను చూసి ఏడ్చాడు కూడా. రాజధాని నుంచి ఆడిట్ వాళ్లొస్తున్నారట. 'నేనొక్కణ్నే మునగను నోలన్, తిన్నదంతా ఎవరు తిన్నారో చెప్పేస్తా' అన్నాడు."

"ఎవరన్నాడు?"

"అడిగేలోపే కారెక్కాడు. నాకు వాడి ఏడుపు చూస్తే కడుపు నిండింది. మిగతాది పట్టించుకోలేదు."

"నీకు వాడి మీద కోపం లేదా?"

"లేదా? వాడి లంచానికి మా ఆవిడ గొలుసు అమ్మాను. వాడి పీక మీద కాలేసి నిలబడాలని ఉండేది. కానీ గొలుసు సంగతి వాడి నోటితో చెప్పించాలి కదా. చచ్చినవాడేం చెప్తాడు?"

మధ్యాహ్నానికి డాక్టరు మాట తెలిసింది. చావు జరిగింది రాత్రి, వాన వెలిసిన చాలాసేపటికి. పడినందువల్ల విరిగే ఎముకలేవీ విరగలేదు. తల వెనక ఒకటే దెబ్బ. ఓడీల్ వెంటనే జడ్జికి ఫోన్ చేసి ఒక సోదా వారెంటు అడిగింది. తర్వాత ముగ్గురిని కొట్టుకి పిలిచింది.

అర్లీన్, నోలన్ వచ్చారు. మూడోవాడు మెరిల్ గిడ్రో. స్కూలు జిమ్‌లో పెట్టిన సహాయ కేంద్రానికి అధిపతి. తక్కువ వడ్డీ అప్పయినా, తిరిగి కట్టక్కర్లేని సాయమైనా అతని సంతకం పడితేనే. ఇస్త్రీ చొక్కా, చేతిలో టోపీ, ముఖం నిండా విచారం.

"పాపం వేడ్," అన్నాడు గిడ్రో. "డ్యూటీ అంటే ప్రాణం పెట్టేవాడు. ఆ కప్పు మళ్లీ చూసి మీకేదైనా సాయం చేద్దామనే ఎక్కుంటాడు, అర్లీన్."

"అవును, ప్రాణం పెట్టేశాడుగా," అంది అర్లీన్.

ఓడీల్ మూలనున్న చీపురు తీసి ఆమె చేతికిచ్చింది. "మిస్ అర్లీన్, వాన పడ్డ మర్నాడు పొద్దున్నే మీరు చేసే మొదటి పని ఏంటో ఒకసారి చేసి చూపించండి."

అర్లీన్ కన్నం కిందికి వెళ్లి, చీపురు కర్ర పైకెత్తి, వేలాడుతున్న టార్పాలిన్‌ని ఒక్క పోటు పొడిచింది. పైన నిలిచిన నీళ్లు టార్పాలిన్ అంచుల్లోంచి దభాలున కిందపడ్డాయి. పొద్దున శవం పడి ఉన్న చోటంతా మడుగైంది. బూట్లు తడిసేసరికి గిడ్రో వెనక్కి దూకాడు.

"నిన్నటి వాన నీళ్లు ఇవి," అంది ఓడీల్. "పొద్దున శవం ముఖం మీద వెలుగు కదులుతోంది. ఉత్త గుడ్డలోంచి వచ్చే వెలుగు అలా కదలదు. పైన నీళ్లుండాలి. వేడ్ ఈ కన్నంలోంచి పడితే టార్పాలిన్‌తో సహా పడాలి, ఈ నీళ్లన్నీ వాడి మీద పడాలి. చొక్కా పొడిగా ఉంది. నేల పొడిగా ఉంది. వాడు పైనుంచి పడలేదు. ఎక్కడో చంపి, గడియ పడని వెనక తలుపులోంచి తెచ్చి ఇక్కడ పడుకోబెట్టారు. చూరు దగ్గర నాలుగు మేకులు ఊడదీసి, నిచ్చెన వేసి పోయారు."

"ఆవిడే తెచ్చి ఉండచ్చుగా," అన్నాడు గిడ్రో. "పగంతా ఆవిడదేగా."

"ఆవిడకైతే ఈ నీళ్ల సంగతి తెలుసు. వాన పడితే చాలు, రోజూ ఇదే చాకిరీ. నోలన్‌కీ తెలుసు, అతని నెత్తిమీదా టార్పాలినే. ఈ ఖర్మ తెలిసినవాళ్లు పైన కుండెడు నీళ్లు వదిలేసి కింద శవాన్ని పెట్టరు. పైకి చూడాలన్న ఆలోచనే రానివాడు పెట్టాడు. ఈ కాలవ మీద అందరికంటే ముందు కొత్త కప్పు వేయించుకున్నది ఎవరు?"

నోలన్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"ఇది సాక్ష్యమా?" గిడ్రో నవ్వాడు. "నా ఇంటికి కప్పుండటం నేరమా?"

"కాదు. వేడ్ గాయంలో పచ్చ రవ్వ దొరికింది. ఇంటి కప్పు మీద పరిచే షింగిల్ పలకలకి అద్దే రవ్వ. ఇక్కడ ఉన్నవి రేకులు. రేకులకి రవ్వ ఉండదు. పచ్చ షింగిల్స్ ఈ ఊళ్లో ఒక్క ఇంటికే ఉన్నాయి. మిగిలిన పలకల కట్టలు ఇంకా ఆ పెరట్లోనే ఉన్నాయి. మీరిక్కడికి వచ్చినప్పట్నుంచీ బ్రైస్ అక్కడే ఉన్నాడు, వారెంటుతో."

ఆమె ఫోన్ మోగింది. విని, పెట్టేసింది.

"కడిగారట. కట్ట పైభాగం మాత్రమే కడిగారు. నెత్తురు పలకల మధ్యలోకి దిగింది."

గిడ్రో ముఖంలో విచారం ఎగిరిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

"వాడే ముందు కొట్టాడు! నా పేరు చెప్పేస్తానని బెదిరించి సుత్తితో కొట్టాడు. నేను తోశానంతే. పోయి ఆ కట్ట మీద పడ్డాడు. ప్రాణం కాపాడుకోడానికి తోశాను. చూడండి!"

చొక్కా గుండీలు లాగి ఎడమ భుజం చూపించాడు. కమిలి, మధ్యలో చర్మం చిట్లి, అంచుల్లో ఇంకా నెత్తురు చెమ్మ ఉంది.

"అర్లీన్, నీకు కావల్సింది అయిందిగా! వాణ్ని లేకుండా చేశాను. కనీసం నా దెబ్బ చూడు. చూసి చెప్పు."

అర్లీన్ కళ్లద్దాలు పెట్టుకుంది. దగ్గరికొచ్చింది. వంగి ఆ భుజాన్ని ఒక పక్క నుంచి చూసింది, రెండో పక్క నుంచి చూసింది. బొటనవేలితో నొక్కింది. గిడ్రో కెవ్వుమన్నాడు.

"ఇది పాత నష్టం," అంది. "ఈ గాలివాన వల్ల జరిగింది కాదు. సాయానికి అర్హత లేదు."

ఆల్సీడ్ దరఖాస్తు తిప్పి పంపినప్పుడు రాసిన మాటలు అవే. కింద గిడ్రో సంతకం ఉంది. ఓడీల్ తల్లికి వచ్చిన మాటలూ అవే.

నోలన్ కూడా వచ్చి వంగి చూశాడు. "పాతదే," అన్నాడు.

"అన్యాయం! డిటెక్టివ్, మీరైనా చెప్పండి! కళ్లకి కనబడుతోంది కదా!"

ఓడీల్ అతని చేతులు వెనక్కి లాగింది. బేడీలు వేసింది. వెనక రేవు దగ్గర కారు ఉన్నా, ముందు గుమ్మంలోంచే నడిపించింది. బయట కాలవ ఒడ్డున జనం నిలబడ్డారు. వల కుట్టేవాళ్లు, రొట్టెల కొట్టు వాళ్లు, రొయ్యల కాంటా వాళ్లు. ఒక్కరు కూడా అరవలేదు. దారి ఇవ్వడానికి మాత్రం తొందరపడలేదు.

కారు దగ్గర అర్లీన్ ఆమె చెయ్యి పట్టుకుంది. "కొట్టేసిన దరఖాస్తులు మళ్లీ చూస్తారా, షేర్?"

"అన్నీ తిరగదోడతారట. మీదే ముందు తీయమని చెప్తా."

"ఆల్సీడ్ పేరు మీదే ఉండనీ."

కారు కదిలింది. అద్దంలో గిడ్రో భుజం కనబడుతోంది. దెబ్బ కొత్తదే. స్టేషన్‌లో డాక్టర్ని పిలిపించాలి, ఫోటో తీయించాలి, ఉన్నదున్నట్టు రాయాలి. రాస్తుంది కూడా. అది చట్టం.

"నా దెబ్బ సంగతి రాస్తారా? రాస్తారు కదా?" వెనక నుంచి అడుగుతూనే ఉన్నాడు గిడ్రో.

దారి చాలా పొడవు. ఓడీల్ జవాబు చెప్పకుండా నడిపింది.